జస్టిన్.టీవీ మూతకు కారణాలు: శ్రీహరికోట వైపు నుంచి ఒక పరిశీలన

2007 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జస్టిన్ కాన్ టోపీకి కెమెరా తగిలించుకుని, తన దినచర్యను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టాడు. వీపు సంచిలోని కంప్యూటర్ సెల్‌ఫోన్ నెట్‌వర్క్ మీదుగా దృశ్యాన్ని పంపేది. అదే ఏడు అక్టోబరులో ఆ ప్రసారం వచ్చే జస్టిన్.టీవీ వెబ్‌సైటును, ఎవరైనా ప్రసారం చేసుకునేలా, అందరికీ తెరిచారు. 2014 ఆగస్టు 5న మూసేశారు.

జనం చూడకే మూతపడిందనడానికి ఆధారాలు ఒప్పుకోవు. అందులోని వీడియో గేముల విభాగం 2011లో ట్విచ్‌గా విడివడి, అసలు సంస్థనే మించిపోయింది. జస్టిన్.టీవీ మూత పడిన నెలలోనే అమెజాన్ ట్విచ్‌ను దాదాపు 97 కోట్ల డాలర్లకు కొన్నది. ఆటల ప్రసారాలది ఇంకో చిక్కు. టీవీలో వచ్చే మ్యాచ్‌లను వాడకందారులు అనుమతి లేకుండా ఎక్కించేవారు. 2009 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు జస్టిన్.టీవీ సీఈఓ మైకేల్ సైబెల్ దీనికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 2011లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల సంస్థ యూఎఫ్‌సీ యాజమాన్యం జస్టిన్.టీవీపై దావా వేసింది. ఈ మధ్యలో, డెక్కన్ చార్జర్స్ గత విజేతగా దిగిన 2010 ఐపీఎల్‌ను యూట్యూబ్ హక్కులు తీసుకుని చూపించింది. అమెరికాకు ఆ ప్రత్యక్ష ప్రసారం లేదు కనుక, చట్టబద్ధంగా చూసే దారి దొరకడంతో జస్టిన్.టీవీ అవసరం తగ్గిందన్న వాదనను అక్కడి తెలుగువాళ్లకు వర్తింపజేయలేం.

ప్రసారానికి మూలం ఎవరి చేతిలో ఉందన్నదే కీలకమని నా అంచనా. ఇస్రో ప్రయోగ కేంద్రమున్న శ్రీహరికోట అందుకు మంచి ఉదాహరణ: అక్కడి ప్రయోగాలను ఇస్రోయే ప్రసారం చేస్తుంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ దీవి నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. ఆగస్టు 23న అది చంద్రుడిపై దిగుతుంటే ఇస్రో యూట్యూబ్ చానల్‌ను ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. అయితే ఆ ఘట్టాన్ని నడిపింది బెంగళూరు నుంచి. తీరం నుంచి జరిగే ప్రతి ప్రయోగానికీ అంత ఆదరణ ఉంటుందనలేం. పైగా ప్రయోగాలను కళ్లారా చూసేందుకు 2019లో శ్రీహరికోటలో సందర్శకుల గ్యాలరీ తెరిచారు. తెరమీద చూడగలిగినా జనం అక్కడికి వస్తూనే ఉన్నారు.

మూత కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది జస్టిన్.టీవీ 2014 జూన్ నాటి నిర్ణయం. అప్పుడు పాత రికార్డింగులన్నీ తొలగించింది. వాటిలో సగానికి పైగా ఎవరూ చూడనివేనని కారణం చెప్పింది. తెలుగువాళ్లు ఆ వేదికను ఎలా వాడుకున్నారో చెప్పగల ప్రధాన సాక్ష్యం వాటితోపాటే పోయింది. తుపాను రోజుల్లో మన తీర గ్రామాలవాళ్లు ఫోన్లలో పెట్టే లైవ్‌లూ ఇవాళ ప్రైవేటు సంస్థల సర్వర్లలోనే ఉన్నాయి. తీసినవారి అనుమతితో వాటి నకళ్లు సేకరించే పనిని నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం చేపట్టాలి.