నాయన బుల్లెట్‌కి పొగ పరీక్ష

నాయన 1986లో కొన్న బుల్లెట్ ఇంకా మా తిరుత్తణి ఇంట్లోనే ఉంది. ఆయన పోయినాక రెండేండ్లు వెనక రేకుల పంచలో అట్లే నిలబడిపోయింది. మొన్న ఆర్‌సీ రెన్యువల్ గడువు దగ్గరపడితే, ముందు పొగ సర్టిఫికెట్ తీసుకుందామని తోలుకుపోయినాను. పరీక్షలో ఫెయిలు. కార్బన్ మోనాక్సైడ్ 6.8 శాతం అని చీటీ చేతికొచ్చింది. "పాత బండి సార్, ఇంతే. ఇనుముకి వేసెయ్యండి" అన్నాడు అక్కడి అబ్బాయి. మా అన్నకీ ఆ మాటే నచ్చింది. ఇద్దరం బయట ఊళ్ళలో ఉన్నాం, చూసుకునేవాళ్ళు లేరు, ఎందుకు ఇదంతా అన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు.

ఈ బండికీ మన ప్రాంతానికీ ఉన్న సంబంధం కొంచెం చెప్పాలి. తిరుత్తణి మొదట్లో చిత్తూరు జిల్లా. పటాస్కర్ సిఫార్సుల మీద 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపినారు. అటు సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకి పోయినాయి. మా తాత ఇల్లు కదల్లేదు, జిల్లానే కదిలింది. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో తమిళం అప్పట్నుంచే. చెంగల్పట్టు జిల్లాలో ఉన్న మనం 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చినాం. ఆ జిల్లాకే ఆ రోజుల్లో తిరువొత్తియూరు కూడా చెందేది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, బుల్లెట్ తయారుచేసిన ఊరు అదే. ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడినా ఇక్కడ ఫ్యాక్టరీ ఆగలేదు. అంటే నాయన బండి సీమ నుంచి దిగింది కాదు, మన పక్కూరి బిడ్డే.

నాయన బండి కొన్నప్పుడు పొగ సర్టిఫికెట్ అనే మాటే ఎవరికీ తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద కేంద్ర నిబంధనలు 1989 జూలై 1న అమల్లోకి వచ్చినాయి. అందులో 115వ నిబంధన పొగకి లెక్క పెట్టింది. ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పెట్రోలు కార్లకి 3 శాతం, రెండు, మూడు చక్రాల బండ్లకి 4.5 శాతం దాటకూడదు. 1995 ఏప్రిల్‌లో చెన్నైతో సహా నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్, దానికోసం సీసం లేని పెట్రోలు వచ్చినాయి. సీసం తగిలితే కన్వర్టర్ పాడైపోతుంది. అందుకే చెన్నైలో కొత్త కారు కొన్న మన చుట్టాలు తిరుపతికి బయల్దేరితే, దారిలో ఏ బంకులో ఏ పెట్రోలు దొరుకుతుందో అని ముందే అడిగి తెలుసుకునేవాళ్ళు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే.

2004 అక్టోబరు 1న లెక్కలు మళ్ళీ మారినాయి. ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. 2000 మార్చి 31 లోపు తయారైన రెండు చక్రాల బండ్లకి అదే 4.5 శాతం ఉంచి, కాలని పెట్రోలు ఆవిరికి 9000 పీపీఎం హద్దు చేర్చినారు. ఆ తర్వాత తయారైన వాటికి 3.5 శాతం. అంటే ముసలి బండిని కొత్త బండితో పోల్చి కొట్టెయ్యమని చట్టం చెప్పలేదు. దాని వయసుకి తగ్గ లెక్కే పెట్టింది. మా బండికి 6.8 రావడం వయసు తప్పు కాదు, ఎక్కడో ఏదో చెడింది.

నాయన స్నేహితుడు మేస్త్రి మామ దగ్గరికి తీసుకుపోయినాను. చీటీ చూసి నవ్వినాడు. "దీనికి ఊపిరాడలేదు అబ్బయ్యా. గాలి తక్కువై, పెట్రోలు ఎక్కువైతే సగం కాలి ఈ గ్యాసు వస్తాది. ఇంజన్ విప్పే పనిలేదు, ముందు ఖర్చులేని పనులు చూద్దాం" అన్నాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల కందిరీగ మట్టిగూడు. చోక్ పూర్తిగా వెనక్కి పోకుండా తుప్పుకి పట్టేసి ఉంది. ప్లగ్ తీస్తే మసి. సరిగ్గా మండే ఇంజన్‌లో ప్లగ్ బిస్కెట్ రంగులో ఉంటుందట. రెండేండ్ల పాత పెట్రోలు వంచేసి, కార్బురేటర్ కడిగి, పాయింట్లు సానబట్టి, ట్యాపెట్లు సరిచేసినాడు. సైలెన్సర్ అతుకులో కారడం లేదా అని చూసినాడు. అక్కడ బయటి గాలి కలిస్తే మీటరు లెక్క నమ్మలేం. నీలం పొగ వస్తుంటే ఆయిలు కాలుతున్నట్టు, అప్పుడు రింగులు చూడాలి. మాకు నీలం రాలేదు.

"ఎయిర్ స్క్రూ బాగా బయటికి తిప్పేస్తే చాలు కదా మామా, పాసవుతుంది" అన్నాను. మేస్త్రి మామ ఒప్పుకోలేదు. "పరీక్షకి పాసయి, ఘాట్‌లో వేడెక్కి పట్టేస్తే ఏం చేస్తావు? మీ నాయన అట్లా ఎప్పుడూ తోల్లేదు" అన్నాడు. ఐడిల్ సమంగా నిలిచేంత వరకే తిప్పినాడు.

ఇంజన్ చల్లగా ఉంటే లెక్క ఎక్కువ చూపిస్తుందని, మొదటిసారి నేను చేసిన తప్పుల్లో అదొకటని చెప్పినాడు. ఈసారి కొండ దారి ఎక్కి దిగి, వేడి మీదే పోయినాను. 3.2 వచ్చింది. ఆరు నెలల సర్టిఫికెట్. చీటీ ఫోటో తీసి అన్నకి పంపితే, "ఆదివారం వస్తాను, తాళం నీ దగ్గరే ఉంచు" అని జవాబు.

మీ ఊరి ఇండ్లలో కూడా ఇట్లాంటి బండి ఒకటి ఉంటే, ఫెయిలు చీటీ చూసి ఇనుముకి వేసెయ్యొద్దు. ఆర్‌సీలో తయారైన సంవత్సరం చూడండి. చీటీలో కూడా అదే సంవత్సరం రాసినారా, దానికి తగ్గ హద్దే వేసినారా గమనించండి. తర్వాత ఊళ్ళో పాత మేస్త్రి ఎవరున్నారో కనుక్కోండి. మా మేస్త్రి మామకి డెబ్బై దాటినాయి. ఆయన చెప్పినవన్నీ ఇక్కడ రాసిపెట్టడం, నాయన బండి పక్కన ఈ కాగితం కూడా ఉండాలనే.