మాట్లాడకపోయినా బిల్లు

పూర్వం ఇంగ్లండులో ఉత్తరం రాసినవాళ్లు కాదు, చాలావరకు అందుకున్నవాళ్లే డబ్బు కట్టేవారు. ఎంత దూరం నుంచి వస్తే అంత రేటు. కాగితాలు రెండుంటే రెండింతలు. తపాలా బంట్రోతు గుమ్మంలో నిలబడి, ఇంత ఇస్తేనే ఉత్తరం చేతిలో పెడతానంటాడు. పట్నంలో పనికి కుదిరిన కొడుకు ఉత్తరం రాశాడని సంతోషించాలో, చిల్లర కోసం డబ్బాలన్నీ వెతుక్కోవాలో తెలియని తల్లులు ఎంతమందో! అయితే లేనివాళ్ల తెలివి ఎప్పుడూ గొప్పదే. ముందే ఒక మాట అనుకుని, మడిచిన కాగితం మీద చిరునామా పక్కన చిన్న చిన్న గుర్తులు పెట్టుకునేవారు. ఉత్తరం బంట్రోతు చేతిలో ఉండగానే ఆ గుర్తు చూసుకుని, పిల్లవాడు క్షేమమేనని గ్రహించి, "మాకొద్దు నాయనా, తీసుకుపో" అనేవారు. బస్సు దిగామని చెప్పడానికి మిస్‌డ్ కాల్ ఇవ్వడం మనమేదో కొత్తగా కనిపెట్టామనుకుంటాం గానీ, దానికి ముత్తాతలు అక్కడున్నారు.

రోలండ్ హిల్ అనే ఆయన ఈ తంతు చూసి 1837లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఉత్తరాన్ని మోసుకెళ్లడానికయ్యే ఖర్చు బహు స్వల్పమనీ, దూరాలు లెక్కకట్టడం, గుమ్మం గుమ్మానికీ తిరిగి వసూలు చేయడం, వీటికే డబ్బంతా పోతోందనీ నిరూపించాడు. 1840లో పెన్నీ తపాలా వచ్చింది. మన దేశంలో 1854లో, డల్హౌసీ కాలంలో, పావు తులం బరువు లోపు ఉత్తరానికి అర్ధణా అన్నారు. రాజమండ్రి నుంచి పక్క తాలూకాకు రాసినా అర్ధణాయే, పెషావరుకు రాసినా అర్ధణాయే. దూరదేశం కాపురానికి పంపిన పిల్లకు ఉత్తరం రాసుకోవడానికి దూరం అడ్డు కాకుండా పోయిందంటే అది చిన్న సంగతా? చరిత్ర పుస్తకాల్లో డల్హౌసీ అనగానే రాజ్యాలు మింగిన కథే చెబుతారు గానీ, ఈ అర్ధణా సంగతి ఓ వాక్యంలో తేల్చేస్తారు.

దూరం మీద సుంకం అలా పోయిందనుకుంటే ట్రంకాల్ రూపంలో మళ్లీ వచ్చి కూర్చుంది. మూడు నిమిషాల చొప్పున లెక్క. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అని రకాలు. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఎస్‌టీడీ మొదలయ్యాక ఆపరేటరు బెడద తగ్గింది గానీ దూరం లెక్క తగ్గలేదు. పసుపురంగు బోర్డుల బూతుల్లో ఎర్ర అంకెల మీటరు గబగబా పరుగెత్తుతుంటే, అమ్మకు చెప్పాలనుకున్న పది సంగతుల్లో ఎనిమిది గొంతులోనే ఉండిపోయేవి. కానీ ఒక్క సుఖం ఉండేది చూడండి! మీటరు కళ్లెదుటే తిరిగేది. ఇక చాలనుకుంటే పెట్టేసేవాళ్లం.

సెల్‌ఫోను 1995 జూలై 31న మన దేశానికి వచ్చింది. బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో కేంద్ర మంత్రి సుఖ్‌రాంకు మొదటి ఫోను చేశారు. ఆ రోజుల్లో వచ్చిన ఫోనుకు కూడా డబ్బే. 2003లోగాని అది పోలేదు. దేశాన్ని సర్కిళ్లుగా కోసి పంచారు గనుక, సర్కిలు దాటితే రోమింగ్. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తే ఫరవాలేదు. రెండూ ఆంధ్రప్రదేశ్ సర్కిలే. తమాషా ఏమిటంటే 2014లో రాష్ట్రం రెండయినా ఫోను సర్కిలు మాత్రం ఒక్కటిగానే ఉండిపోయింది. పెళ్లి బట్టలకని చెన్నై వెళ్తే మాత్రం "ఎత్తకండి, రోమింగు!" అని ఒకరినొకరు హెచ్చరించుకునేవాళ్లం. 2015 మేలో ట్రాయ్ ఆ గరిష్ఠ రేట్లను దించింది. 2016లో జియో వచ్చి దేశంలోపల రోమింగే లేదంది. 2017 ఏప్రిల్ నుంచి ఎయిర్‌టెల్ కూడా ఎత్తేసింది.

దేశం దాటితే కథ వేరు. అందుకే అసలీ రోమింగ్ ఎలా నడుస్తుందో కాస్త చెప్పుకోవాలి.

మీరు కొత్త ఊరెళ్లారనుకోండి. చేతిలో డబ్బు లేదు, కిరాణా కొట్టుకు వెళ్లారు. "ఎవరమ్మాయివమ్మా?" అంటాడు కొట్టు యజమాని. ఇంటిపేరు చెబుతారు. ఆయన మీ ఇంటికి కబురుపెట్టి, "మీ అమ్మాయేనా, ఇవ్వచ్చా?" అని కనుక్కుని, సరుకులిచ్చి, పద్దు మీ ఇంటికి పంపుతాడు. మీవాళ్లు దానిమీద తమ వాటా కలిపి మీ దగ్గర వసూలు చేస్తారు. ఫోనులోని సిమ్ కార్డే ఆ ఇంటిపేరు. పరాయి దేశంలో స్విచ్ నొక్కగానే అక్కడి కంపెనీ మన కంపెనీని అడుగుతుంది, సరేనంటే లోపలికి రానిస్తుంది. ఇలా రెండు దేశాల కంపెనీలు రాసుకున్న మొదటి ఒప్పందం 1992లో, ఫిన్లండు కంపెనీకీ బ్రిటన్‌లోని వొడాఫోన్‌కూ మధ్య జరిగింది. ఏర్పాటు గొప్పదే. ధర దగ్గరే వచ్చింది చిక్కు. ఏడాది పొడుగునా వాడే ఫోనుకు కంపెనీని ఎంచుకునేటప్పుడు, ఎప్పుడో వెళ్లబోయే పదిరోజుల ప్రయాణం రేటు ఎవరు చూస్తారు? చూడనిచోట ధర ఎందుకు తగ్గుతుంది? పైగా విదేశంలో ఉండగా వచ్చిన ఫోను ఎత్తినా మనకే బిల్లు. 1840లో పోయిన పద్ధతి, విమానమెక్కి తిరిగొచ్చిందన్నమాట.

అయినా ఉత్తరాన్ని వద్దనొచ్చు, మోగే ఫోనును ఎత్తకుండా ఉండొచ్చు. డేటాను ఎవరు వద్దంటారు? మా పక్కింటి పిన్నిగారు సింగపూర్‌లో వారం రోజులుండి వచ్చాక పదకొండు వేల చిల్లర బిల్లు వచ్చింది. "ఒక్క ఫోనూ చెయ్యలేదే! హ్యాండుబ్యాగులోంచి తీస్తే ఒట్టు" అంటారావిడ. నిజమే. ఆవిడ తియ్యలేదు. బ్యాగులోనే కూర్చుని ఫోను తన పని తాను చేసుకుంది. శుభోదయం బొమ్మలూ, మేనకోడలి సీమంతం వీడియోలూ దింపుకుంది. ఇక్కడి ఫొటోలన్నీ ఎక్కడికో ఎక్కించి దాచిపెట్టింది. ఆప్‌లకు కొత్త రూపులు తెచ్చుకుంది. ఒక ఫొటో రెండు మూడు ఎంబీలు, వీడియో అయితే పదులూ వందలూ. ప్యాక్ లేకుండా వాడితే కొన్ని దేశాల్లో ఎంబీకి వందల రూపాయలు వేసిన రోజులున్నాయి. తాను పలకరించనివాళ్లకూ తాను చూడని బొమ్మలకూ పిన్నిగారు డబ్బు కట్టారు. ఐఫోను పుట్టిన 2007లోనే, మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణానికి వెళ్లిన ఒక అమెరికా కుటుంబానికి ఇలాగే దాదాపు 4,800 డాలర్ల బిల్లు వచ్చింది. ఫోన్లు వాటంతటవే మెయిళ్లు చూసుకున్నాయట.

ఈ అన్యాయాన్ని పట్టుకున్నది యూరప్. అక్కడ పొద్దున్న ఒక దేశంలో కాఫీ తాగి మధ్యాహ్నానికి ఇంకో దేశంలో భోంచెయ్యొచ్చు మరి. వివియాన్ రెడింగ్ అనే కమిషనరమ్మ కంపెనీల మాట వినకుండా 2007లో చట్టం తెప్పించారు. రోమింగ్‌లో చేసే ఫోనుకు నిమిషానికి 49 సెంట్లు, వచ్చే ఫోనుకు 24 సెంట్లు మించరాదు, పన్నులు అదనం. నాకు మరీ నచ్చింది 2010లో వచ్చిన నిబంధన. డేటా బిల్లు నెలకు 50 యూరోలకు చేరిందంటే, మీరు సరేనంటే తప్ప, కంపెనీ ఆపెయ్యాలి. దానికి ముందే, ఎనభై శాతం దగ్గర, హెచ్చరిక పంపాలి. అంటే గుమ్మంలో మళ్లీ ఒక బంట్రోతును నిలబెట్టారు. కావాలా వద్దా అని అడిగి మరీ ఇచ్చేవాణ్ణి. 2017 జూన్ 15 నుంచి, కొన్ని పరిమితులతో, యూరోపియన్ యూనియన్లో ఎక్కడ తిరిగినా ఇంటి రేటే. 2022లో దాన్ని మరో పదేళ్లకు పొడిగించారు. బ్రిటన్ యూనియన్ వదిలి బయటికొచ్చాక అక్కడి కంపెనీలు కొన్ని మళ్లీ రోమింగ్ వసూళ్లు మొదలెట్టాయి. ఉత్తర ఐర్లండు సరిహద్దు ఊళ్లలో అయితే మనిషి ఇంట్లో కదలకుండా కూర్చున్నా ఫోను పక్క దేశం టవరు పట్టుకునే గొడవ ఉండనే ఉంది.

బిల్లు ఎంతదాకా తీసుకెళుతుందో స్కాట్లండులో చూశారు. అక్కడి మంత్రి మైకేల్ మాథసన్ 2022 క్రిస్మస్ సెలవుల్లో కుటుంబంతో మొరాకో వెళ్లారు. మొరాకో యూరప్ చట్టం పరిధిలో లేదు. పార్లమెంటు ఫోను కంపెనీని మార్చినా ఆయన ఐప్యాడ్‌లో పాత సిమ్మే ఉంది. బిల్లు దాదాపు 11,000 పౌండ్లు! జనవరి 2 ఒక్కరోజుకే 7,000 పైన. ఆవేళ సెల్టిక్, రేంజర్స్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. పార్లమెంటు పనికి వాడానన్నారాయన. మొదట ఆ సొమ్మంతా ప్రజల డబ్బులోంచే చెల్లించారు. 2023 నవంబరులో గోల పుట్టాక, తానే కడతానన్నారు. ఆ తర్వాత, ఐప్యాడ్ ద్వారా కొడుకులు మ్యాచ్‌లు చూశారని సభలో ఒప్పుకున్నారు. 2024 ఫిబ్రవరిలో మంత్రి పదవి వదులుకున్నారు. మేలో సభ 27 రోజులు సస్పెండ్ చేసి, 54 రోజుల జీతం కోసింది. పిల్లల్ని రచ్చకీడ్చకూడదని తండ్రి పడ్డ తాపత్రయం నాకర్థమవుతుంది. కానీ మొదటిరోజే నిజం చెప్పివుంటే బిల్లుతో పోయేది.

మనవాళ్లు యూరప్ కన్నా ఎక్కువగా వెళ్లేది అమెరికాకూ గల్ఫ్‌కూ. కూతురి పురుటికి డాలస్ వెళ్లే తల్లి ఆవకాయ జాడీకి ఎన్ని కవర్లు చుట్టాలో నెలరోజుల ముందే ఆలోచిస్తుంది. ఫోను సంగతి ఎయిర్‌పోర్టులో అల్లుడికి అప్పజెబుతుంది. వద్దు, ఇంట్లోనే చూసుకోండి. సెట్టింగులలో 'డేటా రోమింగ్' అని ఒక మీట ఉంటుంది. గుమ్మానికి గడియ అదే, ఆపెయ్యండి. వాట్సాప్‌లో ఫొటోలు వాటంతటవే దిగే ఏర్పాటు, రోమింగ్‌లో ఉన్నప్పటిది, తీసెయ్యండి. ప్యాక్ కొంటే ఏయే దేశాలకు వర్తిస్తుందో చదవండి. అమెరికా ప్యాక్ దారిలో దిగే దోహాలో పనిచేయకపోవచ్చు. ఓడల్లో, విమానాల్లో ఉండే ఉపగ్రహ నెట్‌వర్కులకు మామూలు ప్యాకులు చాలావరకు చెల్లవు, రేటూ ఎక్కువే. అక్కడి సిమ్ వేసుకుంటే మంచిదే. అయితే రెండు సిమ్ములున్న ఫోన్లలో డేటా ఏ సిమ్‌ది వాడాలో మనమే ఎంచాలి, ఒకదానిలో సిగ్నల్ లేకపోతే రెండోదానికి దూకే వెసులుబాటునీ ఆపాలి. ఇక్కడి సిమ్ పారెయ్యకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అవి మామూలు మెసేజీలు, డేటా ఆపినా అందుతాయి. అంతర్జాతీయ రోమింగ్ సేవ మాత్రం ముందే తెరిపించుకోవాలి.

దోహాలో దిగగానే "చేరామమ్మా" అని చెప్పాలనిపిస్తుందా, ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంది.