ఏ బేకరీ రొట్టె దేనికి బాగుంటది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఏ బేకరీకి పోయినా ముందు "ఇది ఎప్పటిది?" అని అడగండి.

పావ్: ఈరోజుదే కావాలి. వేడివేడిగా ఖీమాతో తినాలి. చల్లారితే పెనం మీద కొంచెం వెన్నతో కాల్చండి.

డబుల్ రొట్టె: డబుల్ కా మీఠాకు నిన్నటిదే మేలు. తేమ తగ్గి గట్టిపడుతుంది కాబట్టి పాకంలో చెదరదు. మామూలుగా తినేదైతే ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తొందరగా గట్టిపడుతది.

రస్క్: రెండుసార్లు కాల్చింది కాబట్టి మూత బిగించిన డబ్బాలో చాలారోజులు ఉంటది. సహర్‌లో చాయ్‌కి అక్కరకొస్తది.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే బ్రౌన్ రంగు చూసి గోధుమ రొట్టె అనుకోవద్దు. ఆ రంగు క్యారమెల్‌ది కావచ్చు. ప్యాకెట్ మీద పదార్థాల్లో మొదట రాసిందే ఎక్కువ వేసింది. అక్కడ మైదా ఉంటే అది మైదా రొట్టే. ప్యాకెట్ లేకుంటే బేకరీవాళ్లనే అడిగి తీసుకోండి.