ముఖ చర్మానికి శీతల చికిత్స

ముఖ చర్మంపై వేడిని, వాపును, నొప్పిని, దురదను తగ్గించుటకు చల్లని వస్తువులను లేదా ద్రవాలను ఉపయోగించడాన్ని శీతల చికిత్స అంటారు. తడిగుడ్డ మొదలుకొని ద్రవ నత్రజని వరకు ఇందులో అనేక పద్ధతులు ఉన్నాయి. ఒక వస్తువు స్పర్శకు ఎంత చల్లగా తోస్తుందనే దానికంటే దాని అసలు ఉష్ణోగ్రత, దానిని చర్మంపై ఉంచే సమయం, మధ్యలో గుడ్డ ఉండడం లేదా లేకపోవడం అనేవే దాని ఫలితాన్ని, ప్రమాదాన్ని నిర్ణయిస్తాయి.

పనిచేసే విధానం

చలి తగిలినప్పుడు చర్మంలోని సన్నని రక్తనాళాలు సంకోచిస్తాయి. రక్త ప్రవాహం తగ్గడం వలన ఎరుపు, వాపు తగ్గుతాయి. నాడులలో సంకేతాల వేగం మందగించి నొప్పి, దురద అంతగా తెలియవు. చలి తొలగిన తరువాత రక్తనాళాలు తిరిగి వ్యాకోచిస్తాయి. కనుక ఈ ప్రభావం తాత్కాలికమైనది. ఐసు వలన చర్మ రంధ్రాలు మూసుకుపోతాయనే నమ్మకం సరికాదు. వాటిని తెరిచి మూసే కండరాలు లేవు.

చరిత్ర

ఆంగ్ల వైద్యుడు జేమ్స్ ఆర్నాట్ 19వ శతాబ్దపు మధ్యకాలంలో ఉప్పు కలిపిన మంచు ముక్కలతో కణుతుల నొప్పిని తగ్గించే ప్రయత్నం చేశాడు. తన పరికరాన్ని 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఉంచాడు. ద్రవ నత్రజని 1950వ దశకంలో చర్మ వైద్యంలోకి వచ్చింది.

పద్ధతులు, పోలిక

తడిగుడ్డ: మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే దీనికీ వర్తిస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల ఉష్ణం అవసరం. పొడిగాలి వీచే తెలంగాణ, రాయలసీమ వేసవిలో ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా తీరంలో అంతగా పనిచేయదు. అన్నింటిలోనూ ఇది సురక్షితమైనది.

ఐసు: ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్ల ఉష్ణం గ్రహిస్తుంది. నీటిలో వేసి కరుగుతున్న ఐసు పూర్తిగా కరిగే వరకు 0 డిగ్రీల సెల్సియస్ వద్దనే ఉంటుంది. ఫ్రీజరు నుండి అప్పుడే తీసిన గడ్డ మాత్రం మైనస్ 18 డిగ్రీల వరకు ఉండి చర్మానికి అతుక్కొనవచ్చు.

జెల్ ప్యాక్: మెత్తగా ఉండి ముఖపు ఆకారానికి ఒదుగుతుంది. ఫ్రీజరులో ఉంచినది మెత్తగా ఉన్నప్పటికీ కరిగే ఐసు కంటే చల్లగా ఉంటుంది. కనుక దీనిని నేరుగా చర్మంపై పెట్టరాదు. ఫ్రిజ్ కింది అరలో ఉంచినది చాలును.

రోలర్లు: లోహం ఉష్ణాన్ని త్వరగా గ్రహిస్తుంది కనుక రాతి రోలరు కంటే చల్లగా తోస్తుంది. అయితే రెండూ కొద్దిసేపటిలోనే వేడెక్కుతాయి.

చల్లని నీటిలో ముఖం ముంచడం: ఊపిరి బిగపట్టి ముఖాన్ని ముంచినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. దీనిని నిమజ్జన ప్రతిచర్య అంటారు. గుండె జబ్బులు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ పద్ధతిని అనుసరించరాదు.

వైద్యుల పద్ధతులు: లేజర్ చికిత్సలో చర్మపు పై పొరను కాపాడుటకు శీతలీకరణ స్ప్రేలను వాడతారు. మైనస్ 196 డిగ్రీల వద్ద మరిగే ద్రవ నత్రజనితో పులిపిర్లను తొలగిస్తారు. ఇక్కడ ఉద్దేశం చల్లబరచడం కాదు, కణజాలాన్ని నాశనం చేయడం. చర్మానికి రంగునిచ్చే కణాలు చలికి తొందరగా దెబ్బతింటాయి కనుక చామనఛాయ, నలుపు చర్మంపై తెల్లమచ్చలు మిగిలే అవకాశం ఉంది.

జాగ్రత్తలు

ఐసును, జెల్ ప్యాకును పలుచని గుడ్డలో చుట్టి, ఒకసారికి సుమారు 10 నిమిషాలకు మించకుండా వాడాలి. చర్మం తెల్లబడినా, మొద్దుబారినా వెంటనే తీసివేయాలి. చలికి దద్దుర్లు వచ్చేవారు ఈ చికిత్సకు దూరంగా ఉండాలి. శిశువుల బుగ్గల్లోని కొవ్వు చలికి సులభంగా గట్టిపడుతుంది. పుల్ల ఐసు చప్పరించిన శిశువుల బుగ్గలపై ఎర్రని గట్టి వాపులు రావడానికి ఇదే కారణం.

ముఖం కాలినప్పుడు ఐసు పెట్టరాదు. దాని వలన రక్త ప్రసరణ తగ్గి గాయం మరింత లోతుకు పోవచ్చు. అటువంటప్పుడు మామూలు చల్లని కుళాయి నీటిని 20 నిమిషాల పాటు ధారగా పోసి, ఆపై వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి.