బాప్తిస్మం లేని క్రీస్తుభక్తి: సుబ్బారావు ఉద్యమం, మతభేద విచారణ

తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో 'హెరెసీ'కి స్థిరమైన పర్యాయపదం లేదు. గ్రీకు మూలంలోని 'హైరెసిస్' అనే మాటను ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు అపొస్తలుల కార్యములలో 'మతభేదం' అనీ, గలతీయుల పత్రికలో 'విమతములు' అనీ, పేతురు రెండవ పత్రికలో 'భిన్నాభిప్రాయములు' అనీ అనువదించింది. మొదటి సందర్భంలో ఆ ఆరోపణకు గురైనవాడు పౌలే కావడం గమనార్హం. తీతు పత్రిక మతభేదం కలిగించే వ్యక్తికి ముందు బుద్ధి చెప్పమంటుంది; విసర్జన ఆ తరువాతి మాట. ఈ క్రమాన్ని ఆంధ్రదేశంలో పరీక్షకు పెట్టిన ఘట్టం కలగర సుబ్బారావు ఉద్యమం.

హిందూ కుటుంబంలో 1912లో జన్మించిన సుబ్బారావు, 1942లో తనకు క్రీస్తు దర్శనమైందని చెప్పారు. ప్రార్థనతో స్వస్థత, తెలుగు కీర్తనలు, కరపత్రాలు ఆయన ప్రచార సాధనాలు. ఆయన క్రీస్తును గురువుగా, ప్రభువుగా స్వీకరించారు. బాప్తిస్మాన్ని మాత్రం నిష్ప్రయోజనమైన కర్మకాండగా తిరస్కరించారు, సంఘంలో చేరలేదు. బాప్తిస్మం అవసరమని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాసప్రమాణం తొమ్మిదవ అధికరణం చెబుతుంది. ఆ ప్రమాణాన్ని అంగీకరించే లూథరన్ సంఘాలు బలంగా ఉన్న ఆంధ్రదేశంలో ఈ తిరస్కారం సిద్ధాంత సమస్య కాక తప్పదు.

అయితే ఇక్కడొక విచక్షణ అవసరం. విశ్వాసప్రమాణాన్ని అంగీకరించి తరువాత దాన్ని కాదన్నవాడే మతభేదకుడు. సుబ్బారావు ఆ ప్రమాణాన్ని ఎన్నడూ అంగీకరించలేదు కనుక ఆయన సంఘశిక్షకు పాత్రుడు కారు. ఆయన అనుభవాన్ని సంఘబోధగా మార్చవచ్చునా అన్నదే అసలు ప్రశ్న. డేనిష్ వేదాంతి కాయ్ బాగో ఆ దిశగానే సాగారు. హిందువులు క్రీస్తును అనుసరించడానికి క్రైస్తవ సమాజంలో చేరనక్కరలేదని 1966లో వాదించి, 1968లో సుబ్బారావు ఉద్యమంపై ప్రత్యేక గ్రంథం వెలువరించారు. ఖండనకు పూనుకోకుండా ఉద్యమాన్ని దాని మాటల్లోనే నమోదు చేయడం ఆ గ్రంథం విలువ.

దక్షిణ ఇండియా సంఘంలో మద్రాసు బిషప్పుగా ఉన్న లెస్లీ న్యూబిగిన్ 1969 నాటి 'ది ఫైనాలిటీ ఆఫ్ క్రైస్ట్'లో బాగో వాదాన్ని ఎదుర్కొన్నారు. మారుమనస్సులో ఆంతరంగిక పరివర్తన, నడవడి, ప్రత్యక్ష సహవాసం మూడూ ఉంటాయనీ, వాటిని విడదీయరాదనీ ఆయన నిర్ణయం. ప్రతిపక్షాన్ని వక్రీకరించకుండా, బాప్తిస్మాన్ని వదులుకోకుండా సాగిన విచారణ అది.

తెలుగునాట ఈ సహవాసం అమూర్త భావన కాదు. ఇక్కడి సంఘాల్లో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబాలవారు. బాప్తిస్మం పొందడమంటే వారితో ఒకే బల్లవద్ద కూర్చోవడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాతి సవరణలు సిక్కులను, బౌద్ధులను చేర్చినా క్రైస్తవులను చేర్చలేదు. అందువల్ల బాప్తిస్మానికి దళితుడు చట్టపరమైన మూల్యం చెల్లించాడు. బాప్తిస్మం లేని భక్తి కులసమాజాన్ని వీడకుండానే క్రీస్తును ఆరాధించే వీలు కల్పించింది. సుబ్బారావు ఉద్దేశం అది కాకపోవచ్చు. ఫలితాన్ని మాత్రం విస్మరించలేము.

కనుక ఈ ఘట్టంలో ప్రేమను సుబ్బారావు పట్ల మర్యాదగా మాత్రమే నిర్వచించడం చాలదు. బాప్తిస్మాన్ని నమ్మి నష్టపోయినవారి పట్ల న్యాయం కూడా ప్రేమలో భాగమే. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో వాద ప్రకరణం ఉంది. పరమత ఖండనం మన సాహిత్యానికి కొత్త కాదు. వాదానికి లక్ష్యం జయం. బుద్ధి చెప్పడానికి లక్ష్యం ఎదుటివాడిని నిలుపుకోవడం. సుబ్బారావు అనుభవాన్ని గౌరవించి, దాన్ని సంఘప్రమాణం చేయడానికి నిరాకరించడంలోనే ఆ రెండో లక్ష్యం నెరవేరుతుంది.