ఖాజీల వృత్తాంతాలు, కుటుంబ న్యాయస్థానాలు: తీర్పరిపై ప్రజల దృష్టి

ఏలూరు సర్కారు 1765లో షా ఆలం చక్రవర్తి ఇచ్చిన ఫర్మానా వలనను, 1766లో నిజాం అలీఖానుతో కుదిరిన ఒడంబడిక వలనను ఈస్టిండియా కంపెనీ వశమైనది. పాలకులు మారినప్పటికీ ఖాజీ పదవి వెంటనే అంతరించలేదు. కంపెనీ ప్రభుత్వం తానే ఖాజీలను నియమిస్తూ వచ్చినది. ముస్లింల వ్యాజ్యాలలో షరీఅత్ ఏమి చెబుతున్నదో జడ్జీలకు తెలియజేయడానికి ముఫ్తీలను కూడా పెట్టుకొన్నది. 1864లో వచ్చిన 11వ చట్టం ఈ ఏర్పాటుకు స్వస్తి చెప్పినది. ప్రభుత్వం ఖాజీలను నియమించడం ఉచితం కాదని ఆ చట్టం పీఠికలోనే ప్రకటించారు. అయితే ప్రభుత్వ నియామకం పొందిన ఖాజీ నిఖాకు హాజరు కావడం కొన్ని ప్రాంతాలలో ఆచారమై వుండెను. ఆ ఇబ్బందిని తొలగించడానికి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వైస్రాయి శాసనమండలిలో ప్రతిపాదించిన బిల్లు 1880లో 12వ చట్టమైనది. మొట్టమొదట అది ఒక్క మద్రాసు రాజధానికే వర్తించినది కనుక ఏలూరు, కొల్లేటి ప్రాంతాలు ఆ చట్టం పరిధిలోకి తొలినాటనే వచ్చాయి.

ఆ చట్టం 4వ సెక్షను గమనించదగినది. ఈ చట్టం క్రింద నియమితుడైన ఖాజీకి న్యాయవిచారణాధికారం గాని, పరిపాలనాధికారం గాని సంక్రమించదని అందులో స్పష్టంగా వున్నది. అనగా ఖాజీ తిరిగి వచ్చాడు గాని తీర్పు తిరిగి రాలేదు. మహర్, నఫఖా, తలాఖ్, పిల్లల సంరక్షణ మొదలైన వివాదాలన్నీ ప్రభుత్వ న్యాయస్థానాలకు చేరాయి. 1937 షరీఅత్ చట్టం, 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ న్యాయస్థానాలు అనుసరించవలసిన ధర్మాన్ని నిర్ణయించాయి. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం వీటి కోసం ప్రత్యేక న్యాయస్థానాలకు మార్గం వేసినది. తీర్పరి ఎవరన్న ప్రశ్నకు ఈ విధంగా సమాధానం దొరికినది. తీర్పరి నడవడిని కనిపెట్టి వుండే ప్రజల కన్ను ఏమైనదన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడిగినట్లు కనిపించదు.

ముస్లిం సమాజానికి ఆ కన్ను కొత్తది కాదు. న్యాయాధిపతులు మూడు విధాలనీ, వారిలో ఇద్దరు నరకానికీ ఒకడు స్వర్గానికీ పోతారనీ దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసును అబూదావూద్, తిర్మిజీ, ఇబ్నెమాజా ముగ్గురూ ఉల్లేఖించారు. ఆ హెచ్చరికను పరలోకానికే వదలివేయక, ఈ లోకంలోనే న్యాయాధిపతుల లెక్కలు వ్రాసిపెట్టిన చరిత్రకారులు బయలుదేరారు. హి.శ. 306లో మరణించిన వకీ రచించిన ‘అఖ్బారుల్ ఖుజాత్’ పేరే న్యాయాధిపతుల వార్తలని అర్థమిస్తుంది. అల్‌కిందీ (మరణం హి.శ. 350) ఈజిప్టు ఖాజీలను గూర్చియు, అల్‌ఖుషనీ (మరణం హి.శ. 361) కుర్తుబా ఖాజీలను గూర్చియు గ్రంథాలు వ్రాశారు. ఈ పుస్తకాలను పొగడ్తల సంపుటాలని అనుకొనేవారు వాటిని తెరచి చూడనివారే. ఎవరు దృఢంగా నిలిచారు, ఎవరు లొంగిపోయారు, ఎవరి గుమాస్తాలు లంచాలు పుచ్చుకొన్నారు, ఎవరి తీర్పును తరువాతివారు తోసిపుచ్చారు అన్న సంగతులన్నీ అందులో వున్నాయి.

అల్‌కిందీ చెప్పిన ఒక ఉదంతం చాలును. యహ్యా బిన్ మైమూన్ హి.శ. 105 నుండి 114 వరకు ఈజిప్టు ఖాజీ. ఒక అనాథ బాలుడు సంరక్షకుని చేతిలో పెరిగి, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఖాజీ వద్ద మొరపెట్టుకొన్నాడు, న్యాయం జరగలేదు. ఆ యువకుడు తన గోడును పద్యంలో చెప్పుకొన్నాడు. సంగతి డమాస్కసులోని ఖలీఫా హిషాం చెవిని పడినది. ఖాజీని తొలగించి, దైవభీతి గల మరొకనిని నియమించవలసినదిగా గవర్నరుకు ఆజ్ఞ వచ్చినది. ఇది నేటి పరిభాషలో చెప్పాలంటే మైనరు సంరక్షణకు సంబంధించిన కేసు, అనగా అచ్చంగా కుటుంబ న్యాయస్థానపు వ్యవహారమే. అప్పీలు కోర్టు లేని ఆ కాలంలో అప్పీలు పని చేసినది నోటిమాటగా ప్రయాణించిన వార్త.

తౌబా బిన్ నమిర్ (ఖాజీగా హి.శ. 115–120) వృత్తాంతం ఇంకొక విధమైనది. భార్యకు తలాఖ్ ఇచ్చిన ఒకనిని, ఆమెకు ‘మతా’ (విడాకులు పొందిన స్త్రీకి ఇచ్చే కానుక) ఇవ్వవలసినదిగా తౌబా కోరాడు. అతడు ఇవ్వనన్నాడు. నిర్బంధించే అధికారం తనకు వున్నదని తౌబా భావించలేదు కాబోలు, ఊరుకొన్నాడు. కొంతకాలానికి అదే మనిషి మరొక కేసులో సాక్షిగా వచ్చాడు. ‘మతా’ను సజ్జనుల బాధ్యతగా, భయభక్తులు గలవారి బాధ్యతగా ఖుర్ఆన్ చెప్పగా, ఆ రెండు తెగలలోనూ చేరనన్న వాని సాక్ష్యం చెల్లదని ఖాజీ త్రోసివేశాడు. ఈ తీర్పు సరియైనదా కాదా అని ఫిఖ్హ్ పండితులు వాదించుకోవచ్చును. వాదించుకోవడానికి వీలు కలిగినది అది వ్రాసిపెట్టబడినందువల్లనే. పన్నెండున్నర శతాబ్దాల తరువాత, 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది అదే ‘మతా’ ఆయతు.

ఈ వృత్తాంతాలలో ఒక సామాన్య లక్షణం వున్నది. ఖాజీ పేరు, తండ్రి పేరు, తెగ పేరు, పదవిలోకి వచ్చిన సంవత్సరం, దిగిన సంవత్సరం అన్నీ చెప్పబడినవి. కక్షిదారు మాత్రం ‘ఒక మనిషి’, ‘ఒక అనాథ’, ‘ఒక స్త్రీ’. అధికారం చేతబట్టినవానికి పేరున్నది. కష్టంలో వచ్చినవానికి ముసుగున్నది. నేటి పత్రికల పద్ధతి దీనికి తలక్రిందులుగా వున్నది. ‘కోర్టు ఆదేశించినది’ అని వ్రాసి న్యాయమూర్తిని మరుగుపరుస్తారు. భార్యాభర్తల ఊరు, పేరు, వీధి, వారి నిందలు ప్రతినిందలు పూర్తిగా వేస్తారు.

గోదావరి జిల్లాలో పత్రిక న్యాయస్థానాన్ని ప్రశ్నించిన సంప్రదాయం కూడా పాతదే. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో రాజమహేంద్రవరంలో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ కచేరీలలోను కోర్టులలోను సాగే లంచగొండితనాన్ని నిర్భయంగా బయటపెట్టినది. ప్లీడర్ల అక్రమాలపై ఆయన ‘వ్యవహార ధర్మబోధిని’ అనే ప్రహసనమే వ్రాశారు. అయితే ఆ రోజులలో కోర్టు తలుపులు తెరచి వుండేవి. విలేఖరి లోపలికి పోయి వినగలిగేవాడు. కుటుంబ వివాదాల తలుపులు తరువాత మూతబడినాయి.

ఎంతవరకు మూతబడినాయో చట్టాలను చూచి తెలుసుకొనవలెను. 1955 హిందూ వివాహ చట్టం 22వ సెక్షను, 1976 సవరణ తరువాత, విచారణను ఆంతరంగికంగానే జరపాలంటుంది. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను కోర్టు అనుమతితో అచ్చువేయడం తప్ప మరేమీ ప్రచురించరాదు. ఉల్లంఘనకు వెయ్యి రూపాయల వరకు జరిమానా. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలో ఇటువంటి నిషేధం లేదు. ఇక 1984 చట్టం 11వ సెక్షను ప్రకారం న్యాయమూర్తి తలచుకొంటే తలుపులు మూయవచ్చును, ఉభయపక్షాలలో ఏ ఒక్కరు కోరినా మూసి తీరవలెను. కనుక ముస్లిం దంపతుల వ్యాజ్యానికి ముసుగు కావాలంటే వారిలో ఒకరు నోరు తెరచి అడగవలసినదే. చాలామందికి అడగవచ్చునన్న సంగతే తెలియదు. సుప్రీంకోర్టు 2018లో కోర్టు విచారణల ప్రత్యక్ష ప్రసారాన్ని అంగీకరించినప్పుడు కూడా వైవాహిక వ్యాజ్యాలను మినహాయించినది. అది సబబైన మినహాయింపే.

అయితే ఈ ముసుగు ఎవరి కోసం ఏర్పడినది? దంపతుల కోసం, పిల్లల కోసం. న్యాయమూర్తి ఎన్ని వాయిదాలు వేశారు, మధ్యంతర మనోవర్తి ఎన్ని నెలలకు ఇచ్చారు, తీర్పులో కారణాలు వ్రాశారా లేదా అన్నవి ఎవరి పడకగది రహస్యాలూ కావు. 1984 చట్టం 17వ సెక్షను ప్రకారం కుటుంబ న్యాయస్థానపు తీర్పులో కేసు సంగ్రహం, తేల్చవలసిన అంశం, నిర్ణయం, దానికి కారణాలు వుండవలెను. 13వ సెక్షను న్యాయవాదిని హక్కుగా పెట్టుకొనడానికి వీలులేదన్నది. 15వ సెక్షను సాక్ష్యాన్ని వివరంగా వ్రాయనక్కరలేదు, సారాంశం చాలునన్నది. సామాన్యులకు సులువు కావాలనే ఈ ఏర్పాట్లు చేశారు. న్యాయవాది తప్పనిసరిగా లేక, సాక్ష్యం పూర్తిగా వ్రాయబడక, తలుపులు కూడా మూతబడిన చోట తీర్పరి విచక్షణ ఎంత పెరుగుతుందో మాత్రం వాటిని చేసినవారు ఆలోచించినట్లు లేదు.

దీనివలన కలిగే నష్టం కొల్లేటి లంక గ్రామం నుండి గాని, తాడేపల్లిగూడెం నుండి గాని ఏలూరు కోర్టుకు వచ్చే స్త్రీకి బాగా తెలియును. గూడెం నుండి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. ఒక్కొక్క వాయిదాకు ఒక రోజు కూలి, ఇద్దరి ప్రయాణపు ఖర్చు, చంకలో బిడ్డ. ఏలూరు తివాచీ మగ్గం మీద పని చేసే స్త్రీ అయితే, ఆమె సంపాదించే ఆ కొద్దిపాటి డబ్బే ఆమెకు వ్యతిరేకమైన వాదంగా మారవచ్చును. భార్య ధనవంతురాలైనా భర్తపై నఫఖా బాధ్యత తొలగదని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. భార్యకు ఏదో సంపాదన వున్నంతమాత్రాన మనోవర్తిని నిరాకరించరాదని సుప్రీంకోర్టు కూడా రజనీష్–నేహా కేసులో (4 నవంబరు 2020) చెప్పినది. ఉభయులూ తమ ఆస్తుల, ఆదాయాల వివరాలను ప్రమాణపత్రంగా దాఖలు చేయాలనీ, ఆ పిమ్మట నాలుగు నుండి ఆరు నెలలలోగా మధ్యంతర మనోవర్తిపై కారణాలతో ఉత్తర్వు ఇవ్వడానికి ప్రయత్నించాలనీ అదే తీర్పు. ఆ గడువు ఏ న్యాయస్థానంలో నిలబడుతున్నది, ఏ న్యాయస్థానంలో కొట్టుకొనిపోతున్నది అని లెక్కించి వ్రాసే పత్రిక మాత్రం కావలెను.

తెలుగు ముస్లిములకు సంబంధించిన ఇటీవలి ఉదాహరణ ఒకటి వున్నది. తెలంగాణలో ఒక కుటుంబ న్యాయస్థానం విడాకులు పొందిన స్త్రీకి నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇచ్చినది. హైకోర్టు 2023 డిసెంబరులో దానిని 10,000కు తగ్గించినది. భర్త సుప్రీంకోర్టుకు పోగా, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను క్రింద మనోవర్తి కోరవచ్చునని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం 10 జూలై 2024న తీర్పు చెప్పినది. దేశమంతా చర్చ జరిగినది. ఆ కేసు ఆ భర్త పేరుమీదనే న్యాయశాస్త్ర గ్రంథాలలో నిలిచిపోవును. మొట్టమొదట 20,000 అని నిర్ణయించిన న్యాయమూర్తి ఎవరో, ఏ లెక్కన నిర్ణయించారో ఆ చర్చలో ఎవరూ పట్టించుకొనలేదు. ఢిల్లీ వరకు పోలేని వందలాది ఉత్తర్వుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంగ్లండులో కుటుంబ న్యాయస్థానాల రహస్యం మరింత గట్టిది. 2023 జనవరిలో లీడ్స్, కార్డిఫ్, కార్లైల్ కోర్టులలో ప్రయోగంగా విలేఖరులకు వార్త వ్రాసే వీలు కల్పించి, 27 జనవరి 2025 నుండి ఇంగ్లండు, వేల్సులలోని కుటుంబ న్యాయస్థానాలన్నింటికీ విస్తరింపజేశారు. కుటుంబం పేరు బయటపడరాదన్నది నియమం. సరిగా ఆ నెలలోనే మరొక వివాదం తేలినది. తండ్రి, సవతితల్లి చేతిలో చనిపోయిన పాకిస్తానీ సంతతికి చెందిన పదేళ్ళ బాలిక గూర్చి, అంతకు ముందు కుటుంబ కేసులు విచారించిన న్యాయమూర్తుల పేర్లు వెల్లడించరాదని ఒక హైకోర్టు జడ్జి ఆజ్ఞాపించగా, అప్పీలు కోర్టు దానిని కొట్టివేసినది. న్యాయమూర్తి పదవిని స్వీకరించినవారు తమ పేరుతోనే నిలవాలన్న అల్‌కిందీ పద్ధతికి లండన్ న్యాయస్థానం ఈ త్రోవన చేరుకొన్నది.

ఇక్కడ ధార్మికమైన అభ్యంతరం ఒకటి రావచ్చును: ఇది గీబత్ (పరోక్షనింద) కాదా? ఇమాం నవవీ గీబత్ అనుమతించబడే ఆరు సందర్భాలను పేర్కొంటూ, అన్యాయానికి గురైనవాడు దానిని సరిదిద్దగలవారికి చెప్పుకొనడాన్ని మొదట చేర్చారు. ఫత్వా అడిగే సందర్భానికి ఆయన చూపిన ఆధారం హింద్ బిన్తె ఉత్బా హదీసు. భర్త అబూసుఫ్యాన్ పిసినారి అనీ, తనకూ పిల్లలకూ చాలినంత ఇవ్వడనీ ఆమె దైవప్రవక్తకు (స) నేరుగా చెప్పుకొన్నది. ఆయన ఆమెను వారించలేదు, ధర్మబద్ధంగా కావలసినంత తీసుకొనమన్నారు. నఫఖా హక్కుకు మూలమైన హదీసే, దాని కోసం ఫిర్యాదు చేసే హక్కుకు కూడా మూలమైనది.

రెండవ అభ్యంతరం న్యాయమైనదే. న్యాయమూర్తి పత్రికలో జవాబు చెప్పుకొనలేరు. ఓడినవాని కోపం వార్తగా మారవచ్చును. అందుచేత చట్టం హద్దులు గీచినది. 1971 కోర్టు ధిక్కార చట్టంలో 4వ సెక్షను విచారణపై నిష్పాక్షికమైన, ఖచ్చితమైన వార్తనూ, 5వ సెక్షను ముగిసిన కేసులో తీర్పుపై సద్విమర్శనూ, 6వ సెక్షను క్రింది కోర్టు న్యాయాధికారిపై సద్బుద్ధితో హైకోర్టుకు చేసే ఫిర్యాదునూ ధిక్కారం కాదన్నాయి. ఆంతరంగిక విచారణను గూర్చి 7వ సెక్షను ప్రత్యేక నియమాలు విధించినది. ప్రజాహితం కోసం సద్బుద్ధితో చెప్పిన సత్యాన్ని సమర్థనగా కోర్టు అంగీకరించవచ్చునని 2006లో సవరణ వచ్చినది. కేంద్ర న్యాయశాఖ మంత్రిగా శివశంకర్ 1987లో హైదరాబాదు ఉపన్యాసంలో సుప్రీంకోర్టును తీవ్రంగా విమర్శించినా, అది ధిక్కారం కాదని 1988లో ఆ కోర్టే తేల్చినది.

కొలిచే కర్ర ఇంటి లోపలికి కూడా రావలెను. జమాఅతు పెద్దలు, దారుల్ ఖజాలు కుటుంబ తగాదాలు తీరుస్తూనే వున్నారు. 7 జూలై 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు వారి నిర్ణయాలకు చట్టబద్ధమైన బలం లేదన్నదే గాని, వారు కూర్చొనడాన్ని నిషేధించలేదు. ఏలూరు కుటుంబ కేసులో పొరపాటు జరిగితే 19వ సెక్షను క్రింద 30 రోజులలో హైకోర్టుకు అప్పీలు వున్నది. 2019 జనవరి నుండి ఆ హైకోర్టు అమరావతిలోనే వున్నది. మసీదు అరుగు మీద జరిగిన తీర్మానానికి అప్పీలు లేదు, చాలాచోట్ల కాగితమే లేదు. పూర్వపు ఖాజీ పదవి దిగేటప్పుడు తన ‘దీవాన్’ను, అనగా తీర్పుల, దస్తావేజుల కట్టను, తరువాతివానికి అప్పగించవలెనని అల్‌ఖస్సాఫ్ (మరణం హి.శ. 261) మొదలైనవారు ‘అదబుల్ ఖాజీ’ గ్రంథాలలో నియమం పెట్టారు. పేర్లు తీసివేసి, తేదీలు, నిర్ణయాలు, కారణాలు మాత్రమే వున్న అటువంటి కట్ట ఒకటి ప్రతి జమాఅతులో వుండి, ఏడాదికొకసారి జుమా తరువాత చదవబడితే, కుటుంబ న్యాయస్థానాన్ని లెక్క అడిగే పత్రిక ముందుగా చూపగల లెక్క అదే అవుతుంది.