ఆనకట్ట కింద చేపల పెనం

డోర్నకల్‌ నుంచి వచ్చే రైలు పట్టా కారేపల్లి జంక్షన్‌లో రెండుగా చీలుతుంది. ఒకటి ఇల్లెందు వైపు, ఇంకోటి కొత్తగూడెం వైపు. ఇక్కడి నుంచి బంగాళాఖాతం 150 కిలోమీటర్ల పైమాటే. తెలంగాణకు ఎలాగూ తీరం లేదు. అయినా ఆదివారం పూట నలుగురు దోస్తులు బండ్లు తీసి ‘చేపలు తినొద్దాం పదండి’ అంటే ఖమ్మం జిల్లాలో ఎక్కడికని అడిగేవాళ్లు తక్కువ. పాలేరు జలాశయానికో, వైరా జలాశయానికో. ఈ అలవాటు పుట్టుక తెలియాలంటే ముందు నీటిపారుదల చరిత్ర తిరగేయాలి.

చెరువు చేప మొదటి నుంచీ ఇంటి తిండే. కారేపల్లికి పొరుగున ఉన్న బయ్యారం చెరువును 13వ శతాబ్దం తొలినాళ్లలో కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. కాకతీయుల వంశక్రమం తేల్చడానికి చరిత్రకారులకు అక్కడి శాసనం పెద్ద ఆధారం. ఇలాంటి చెరువుల్లో వానలు పడితే కొర్రమట్ట, జెల్ల, వాలుగ, పరక వాటంతటవే పెరిగేవి. వల వేసే హక్కు ముదిరాజులది, బెస్తలది. ఎండాకాలం నీళ్లు అడుగంటి, వాళ్లు పట్టాల్సింది పట్టుకున్నాక మిగిలింది ఊరందరిదీ. దీన్నే లూటీ అంటారు. పొద్దున్నే కట్ట మీద జనం గుమిగూడతారు. పెద్దమనుషులు సరేననగానే పిల్లా పెద్దా మోకాలి లోతు బురదలోకి దిగుతారు. ఊతలు, దోమతెరలు, పాత చీరలు, ఏది చేతికందితే దానితో దేవడమే. ఒకరి ఊతలో పడ్డ చేపను ఇంకొకరు ఎత్తుకుపోవడం, దాని మీద తగువు, మళ్లీ నవ్వులు. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లో చింతపండు పులుసు కుతకుత ఉడకాల్సిందే. జూన్‌లో మృగశిర కార్తె వచ్చిన రోజున చేప ముక్క నోట్లో పడాలన్న ఆచారం సరేసరి. ఇదంతా ఊరి లోపలి వ్యవహారం. పైసలిచ్చి ఎక్కడో కూర్చుని చేప తినడమనే మాటే లేదు.

ఆ మాటకు దారి వేసింది బొగ్గు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్‌ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలు గుర్తించాడు. 1889 నాటికి తవ్వకాలు మొదలయ్యాయి. అదే ఏడాది నిజాం రైలు బెజవాడను అందుకుంది. 1920లో ఏర్పడిన కంపెనీ కారేపల్లి పక్కనున్న సింగరేణి ఊరి పేరునే పెట్టుకుంది. నేడు లక్షల మంది నోట నానే ఆ పేరు ఒక చిన్న ఊరిదని చాలామందికి గుర్తుండదు. ఐసు లేని రోజుల్లో తీరం నుంచి ఇంత దూరం రాగలిగింది ఎండిన చేపే. ఎండుచేపలూ ఎండురొయ్యలూ వారసంతల్లో గంపలకెక్కాయి. గని దిగి వచ్చిన కూలీకి కల్లు మండువా దగ్గర నంజుకోవడానికి కారంగా ఏదో ఒకటి కావాలి. ఈ ప్రాంతంలో బయట కూర్చుని చేప తినే అలవాటుకు తొలి మెట్టు పెద్ద హోటళ్లు కావు, ఆ మండువాలే అనుకోవచ్చు.

తాజా చేపకు గోదావరి ఉంది కదా అనొచ్చు. ఉంది. కానీ 1852లో బ్రిటిష్‌ ఇంజనీరు కాటన్‌ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక సముద్రం నుంచి ఎదురీదే పులసకు పైదారి మూసుకుపోయింది. దక్షిణాది నదుల మీది ఆనకట్టలు ఈ చేపకు అడ్డుగోడలయ్యాయని 1873లో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్‌ డే తన నివేదికలో మొత్తుకున్నాడు. పులస పేరు చెప్పి కోనసీమ మీసం మెలేస్తుంటే ఎగువ గోదావరి వాళ్లు చూస్తూ ఉండిపోయారు. భద్రాచలం వచ్చే రామభక్తులు తీర్థయాత్రలో చేప ముట్టరు కాబట్టి అక్కడ ఆ లోటు పెద్దగా కనిపించలేదేమో.

ఒక ఆనకట్ట తీసుకున్నదాన్ని వేరే ఆనకట్టలు ఇంకో రూపంలో తిరిగిచ్చాయి. నిజాం కాలంలో, ఇంజనీరు అలీ నవాజ్‌ జంగ్‌ హయాంలో 1920ల చివర పాలేరు, 1930లో వైరా జలాశయాలు సిద్ధమయ్యాయి. 1967లో నాగార్జునసాగర్‌ కాలువలకు నీళ్లు వదిలాక పాలేరు ఎడమ కాలువకు బ్యాలెన్సింగ్‌ రిజర్వాయర్‌ అయింది. ఎండాకాలంలో అడుగంటే చెరువు వేరు, కాలువ నీళ్లతో నిండే జలాశయం వేరు. ఈలోగా 1957 జూలై 10న ఒడిశాలో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్‌ చౌధురి హార్మోన్‌ సూదితో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే దేశమంతా జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుకుంటోంది. అంతకుముందు బొచ్చె, రవ్వ, మోసు పిల్లల కోసం నదులనే నమ్ముకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత హేచరీలో పుట్టిన పిల్లను ఏ జలాశయంలోనైనా వదలొచ్చు. మత్స్య సహకార సంఘాలకు చేతి నిండా పని దొరికింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది. కొర్రమీను, అదే మన కొర్రమట్ట, రాష్ట్ర చేప అయింది. తర్వాత జలాశయాల్లో నీలకంఠ రొయ్యలూ వదిలారు.

అలా పాలేరు దగ్గర, ఖమ్మం–సూర్యాపేట రోడ్డు పక్కన పెనాలు వెలిశాయి. ఇలాంటి చోట మెనూ కార్డు ఉండదు, చేపే మెనూ. ఎంచుకున్నదాన్ని తూకం వేయిస్తే కత్తిపీట దగ్గరి మనిషి పొలుసు గీరి, ఒంటికి నాలుగు గాట్లు పెడతాడు. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద గాట్లలోకి దిగేలా పట్టించి పెనం మీద వేస్తారు. నూనె చిటపటలాడుతుంది. తోకవైపు తోలు ఎర్రబడి అంచులు లేవగానే తిప్పేస్తారు. పైన నిమ్మకాయ, పక్కన ఉల్లిముక్కలు. చేప ధర వేరు, వేపుడు కూలి వేరు. ముల్లు తీసుకుంటూ చేత్తోనే తినాలి. చెంచా అడిగినవాడి వైపు పక్క బల్లవాళ్లు ఒకసారి తిరిగి చూస్తారు.

ఇలా చేత్తోనే తినే ‘సీఫుడ్‌ బాయిల్‌’ ఈమధ్య హైదరాబాద్‌ రెస్టారెంట్లలోకి వచ్చింది. దాని పుట్టిల్లు అమెరికా దక్షిణ తీరం. 1755లో బ్రిటిష్‌వాళ్లు కెనడా తీరం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి కుటుంబాలు కొన్ని లూసియానాలో స్థిరపడ్డాయి. వాళ్ల వారసులు అక్కడి చిత్తడి నేలల్లో దొరికే, రొయ్యలాంటి క్రాఫిష్‌ను మొక్కజొన్న కంకులు, ఆలుగడ్డలతో గుండిగలో ఉడికించి, కాగితం పరిచిన బల్ల మీద గుమ్మరించుకుని అందరూ కలిసి తింటారు. 1959లో బ్రో బ్రిడ్జ్‌ పట్టణాన్ని ఆ రాష్ట్ర శాసనసభ క్రాఫిష్‌ రాజధానిగా ప్రకటించింది. 1975 తర్వాత అమెరికాకు వెళ్లిన వియత్నాం శరణార్థుల కుటుంబాలు వెన్నా వెల్లుల్లీ దట్టించి దాన్ని హ్యూస్టన్‌ హోటళ్లకెక్కించాయి. కాలం చూసి, మందిగా కూడి, మందిగా తినే పని అది. మన లూటీకి దగ్గరి చుట్టం. అమెరికాకు పెద్దఎత్తున రొయ్యలు పంపే దేశాల్లో మనదొకటి, మనం పంపేవాటిలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ చెరువులది. 2009లో మన దేశం అనుమతించిన వనామీ రకం ఆ దేశపు గుండిగల్లోకి వెళ్తుంటే, ఆ వంటకం హైదరాబాద్‌ బిల్లు మీదికి వచ్చింది. ఖరీదుకు తగ్గ రుచి ఉందా అంటే, సాస్‌కు ఉంది, రొయ్యకు ఉందని చెప్పలేం.

పాలేరు వైపు వెళ్లేవాళ్లు మధ్యాహ్నం దాటకముందే చేరుకోండి. మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా ఉంటేనే తూకం వేయించండి. చేప జలాశయానిదా, ఐసు పెట్టెలో ఎక్కడి నుంచో వచ్చిందా అని అడగండి. జలాశయం చేప కొంటే ఆ పైసలు అక్కడ వల వేసే సంఘం వాళ్లకు చేరతాయి.